పాపకు కామాక్షి అని పెట్టాలనుంది. ఆ పేరు వింటే మీకేమనిపిస్తుంది?

కోవూరు అమ్మ:
పాప పుట్టి 18 రోజులైంది. 21వ రోజు పేరు పెడతాం. పెళ్లయిన ఏడేళ్లకు పుట్టిన బిడ్డ. పోయిన వైశాఖంలో నెల్లూరు దగ్గర జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలకు పోయి, పిల్లల్లేనివాళ్లకు ఇచ్చే కొడిముద్ద ప్రసాదం కొంగు పట్టి తీసుకున్నాను. ఆ తల్లి పేరే పెట్టుకుంటానని అప్పుడే అనుకున్నా. మా అవ్వ పేరు కూడా కామాక్షమ్మే. మా ఆయనేమో "మరీ పాత పేరు, స్కూల్లో పిలకాయలు ఏడిపిస్తారు" అంటున్నారు. ఆ పేరున్నవాళ్లు ఉంటే చెప్పండి.

కందుకూరు నుంచి:
నాకైతే మా పెద్దమ్మ వాళ్లింటి కామాక్షి దీపం గుర్తొస్తుంది. ఇత్తడిది, వెనక గజలక్ష్మి బొమ్మ. గురువారం సాయంత్రం చింతపండుతో తోమడం నా పని. పెట్టండమ్మా.

కామాక్షి, ఒంగోలు:
నా పేరే అది. ఇప్పుడు 41 ఏళ్లు. కావలిలో మా ఆరో తరగతిలో ముగ్గురం కామాక్షులం, టీచర్లు ఇంటిపేరుతో పిలిచేవాళ్లు. హైదరాబాద్ హాస్టల్‌లో మాత్రం నేనొక్కదాన్నే. చేరిన రోజు పేరు చెప్పగానే వార్డెన్ "నెల్లూరు వైపా అమ్మా?" అనింది. ఇంటి మీద బెంగతో ఉన్నానేమో, ఆ ఒక్క మాటకే ఏడ్చేశాను.

దాచకుండా ఇంకోటి కూడా చెప్తా. ఇంటర్లో కొందరు మగపిల్లలు నా పేరులో మొదటి రెండక్షరాలు పట్టుకుని వెకిలిగా మాట్లాడేవాళ్లు. రెండు నెలలు ఎవరికీ చెప్పుకోలేదు. మా నాయనే కనిపెట్టి, లలితా సహస్రనామాల్లో "కామాక్షీ కామదాయినీ" అన్నచోట వేలు పెట్టి చూపించి, కోరిన కోరికలు తీర్చే తల్లి అని చెప్పాడు. మర్నాడు వాళ్లు అన్నప్పుడు తల దించుకోలేదు. మీ పాపకు ఆ అర్థం ముందే చెప్పండి. ముద్దుకు అమ్మీ అని పిలుచుకోండి, పేరును మాత్రం ముక్క చేయొద్దు.

నెల్లూరు నుంచి:
అన్ని కాగితాల్లో ఒకేలా రాయించండి. మా అమ్మకు ఆధార్‌లో కామాక్షమ్మ, బ్యాంకులో కామాక్షి. పెన్షన్ కోసం చాలా తిరిగాం. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఏడాది లోపు లేట్ ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు, టెన్షన్ పడొద్దు.

కోవూరు అమ్మ:
మా ఆయనకు అన్నీ చదివి వినిపించాను. హాస్టల్ సంగతి మళ్లీ ఒకసారి చదవమన్నారు. 21వ రోజు జొన్నవాడకే తీసుకెళ్తున్నాం. పేరు ఆయనే పాప చెవిలో చెప్తానన్నారు.