డ్రైవర్ లేదా, లేడా?

మొన్న శనివారం మా పెద్దనాన్న గదిలో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి వైఫై పెట్టే పని నా మీద పడింది. మేముండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. రౌటర్ హాల్లో, కంప్యూటర్ చివరి గదిలో. గోడకి మేకు కొట్టినా ఇంటి ఓనరు ఒప్పుకోడు, ఇక కేబుల్ లాగడమా! కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు వెళ్లి, వైఫై పట్టే యూఎస్‌బీ అడాప్టర్, వేలెడంత కూడా లేనిది, ఒకటి కొనుక్కొచ్చి గుచ్చాను. లైటు వెలగలేదు. విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైజ్ మేనేజర్ తెరిస్తే పసుపు త్రికోణం, కింద కోడ్ 28. అంటే ఆ అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, దాన్నే డ్రైవర్ అంటారు, కంప్యూటర్లో లేదని.

"ఏమైందిరా?" అన్నారు పెద్దనాన్న.

"డ్రైవర్ లేదు పెద్దనాన్నా."

"లేదు కాదు, లేడు అను."

ఆయన ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి. "నా సర్వీసు మొత్తంలో నన్ను ఎవ్వరూ 'లేదు' అనలేదు" అన్నారు. ఇంట్లో అందరం నవ్వేశాం గానీ, రాత్రంతా ఆ మాట నన్ను వదల్లేదు. మనం ఎప్పుడూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా స్టీరింగ్ ముందు కూర్చునేవాడైతే లేడు, కంప్యూటర్లో ఉండేదైతే లేదు. ఒక్కరూ తప్పరు. ఇంగ్లీషు నుంచి ఒకే మాట తెచ్చుకుని, దాన్ని తెలుగు రెండు ముక్కలు చేసుకుంది.

ఇంకొకటి గమనించాను. "డ్రైవర్ ఎక్కించాను" అంటే కంప్యూటర్లో. "డ్రైవర్‌ని ఎక్కించాను" అంటే బండిలో. మధ్యలో ఉన్న ఆ "ని" ఒక్కటే తేడా. "సినిమా చూశాను" అనొచ్చు, "మావయ్య చూశాను" అనలేం కదా, మావయ్యని అనాల్సిందే. మనిషైతే "ని" తప్పదు, వస్తువైతే ఉన్నా లేకపోయినా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మన వ్యాకరణానికి ముందే తెలుసన్నమాట.

గుంపులో పెద్దలున్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను చెప్పింది సరేనా? ఇన్‌స్టాల్, కాన్ఫిగర్ అనేవాటికి మీ ఇళ్లల్లో ఏ మాటలు వాడతారు? "ఇన్‌స్టాల్ చేయడం" అని మాత్రం చెప్పకండి, అది నాకూ తెలుసు.

మైలాపూరు అక్క:
తమ్ముడూ, ఆడమనిషి డ్రైవరైతే ఏం చేస్తావు? మా వీధిలో ఒకమ్మాయి ఆటో నడుపుతుంది. "ఆటో ఉంది, డ్రైవర్ లేదు" అని మా అత్తగారు అంటే నాకు తప్పేమీ అనిపించదు. అప్పుడు ఆ అమ్మాయీ నీ సాఫ్ట్‌వేరూ ఒకే గాటన పడ్డట్టేనా? ఈ మాట గౌరవంగా "లేరు" అంటే తీరిపోతుందనుకో, కానీ సాఫ్ట్‌వేర్ని ఎవరూ "గారు" అనరు గదా.

మాస్టారు, విశ్రాంతి:
అమ్మా, మీరు చెప్పింది కొత్త సంగతేమీ కాదు, చిన్నయసూరి చెప్పిందే. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విడదీశాడు. మగవాళ్లను చెప్పేవి మహత్తులు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, ప్రాణం లేని వస్తువులు ఏకవచనంలో ఒక పక్కకే పోతాయి. బహువచనంలోకి వచ్చేసరికి స్త్రీలు లేచి పురుషుల పక్కన కూర్చుంటారు. అందుకే "డ్రైవర్లు ఎక్కారు" అంటే ఆడవాళ్లైనా మగవాళ్లైనా మనుషులే. "డ్రైవర్లు ఎక్కాయి" అంటే కంప్యూటరే. బహువచనంలో పెడితే మీ సందేహం అక్కడే తీరిపోతుంది. ఆ పుస్తకం రాసినాయన మీ మద్రాసులోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు.

ఇక అబ్బాయీ, మీ పెద్దనాన్నగారికి నా నమస్కారాలు చెప్పి ఈ మాట కూడా చెప్పు. ఆయన్ను ప్యాసింజర్లు రోజూ "లేదు" అన్నారు. "డ్రైవర్ ఇంకా రాలేదు" అనలేదూ? ఒంటరిగా నిలబడ్డ "లేదు" మనిషిని బట్టి మారుతుంది: లేను, లేవు, లేడు, లేరు. మరో క్రియకు తోకగా వస్తే మారదు. వాడు రాలేదు, ఆమె రాలేదు, బస్సు రాలేదు, నేనూ రాలేదు.

కె.ఆర్.పురం (పోస్ట్ వేసినవాణ్ణి):
మాస్టారూ, ఇది చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "బస్సు లేటైందని డ్రైవర్ రాలేదన్నారు, అంతే గానీ డ్రైవర్ లేదు అన్లేదు" అన్నారు. అంటే మీ సూత్రమే ఆయన సొంత మాటల్లో చెప్పారు!

ఎస్పీ రోడ్ తమ్ముడు:
అన్నా, నేను అక్కడే షాపులో పనిచేస్తా. మాది చిత్తూరు జిల్లా. మా ఓనరు కన్నడాయన, ఎదుటి షాపాయన తమిళాయన. కన్నడంలో "డ్రైవర్ ఇల్ల", తమిళంలో "డ్రైవర్ ఇల్లై". మనిషైనా, సాఫ్ట్‌వేరైనా, ఆడైనా, మగైనా అదే ఇల్ల, అదే ఇల్లై. ఓనరు ఫోన్లో "డ్రైవర్ ఇల్ల" అని అరిస్తే, డెలివరీ బండి ఆగిందో కస్టమర్ లాప్‌టాప్ ఆగిందో తెలీక నేను బయటికి పరిగెత్తిన రోజులున్నాయి. మన తెలుగోళ్లు ఫోన్ చేస్తే ఆ తంటా లేదు.

ఇన్‌స్టాల్‌కి అక్కడ కన్నడంలో "హాకు", తమిళంలో "పోడు". రెండూ మన "వేయి" లాంటివే. తెలుగు కస్టమర్లు రెండు రకాలు. అనంతపురం, కర్నూలు వైపు వాళ్లు "విండోస్ ఎక్కించియ్యి" అంటారు. "విండోస్ వేయించుకోవాలి" అనేవాళ్లూ బాగానే వస్తారు.

మైలాపూరు అక్క:
వేయించుకోవడమా! ఏ పోపులో?

ఎస్పీ రోడ్ తమ్ముడు:
అక్కా, వేరుశనగలు వేయించినట్టే, కాస్త మాడితే మళ్లీ మొదట్నుంచి.

అన్నకి ఒక పనికొచ్చే మాట. డబ్బా మీద బొమ్మ చూసి డ్రైవర్ వెతకొద్దు. ఒకే డబ్బాలో, ఒకే మోడల్ పేరుతో, లోపల చిప్ మార్చి అమ్ముతారు. మొదటి వెర్షన్‌లో ఒక కంపెనీ చిప్, రెండో వెర్షన్‌లో ఇంకోటి. డివైజ్ మేనేజర్‌లో ఆ పసుపు త్రికోణం మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీలు. వీఐడీ అని ఒకటి, అది కంపెనీ నంబరు, పీఐడీ అని ఒకటి, అది వస్తువు నంబరు, ఉంటాయి. మన పేర్లలాగే ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. వీఐడీ 0బీడీఏ అయితే రియల్‌టెక్ వాళ్లింటిది. 148ఎఫ్ అయితే రాలింక్. రాలింక్‌ని 2011లోనే మీడియాటెక్ కొనేసింది, అయినా పుట్టింటి పేరు మారలేదు. ఇంటిపేరు, పేరు రెండూ కలిస్తేనే సరైన డ్రైవర్.

కె.ఆర్.పురం:
తమ్ముడూ, నాకు ఈ ముక్క శనివారమే తెలిసుంటే మూడు గంటలు మిగిలేవి. నేను డబ్బా మీద పేరుకే వెతికాను. దానితో పాటు ఇచ్చిన డ్రైవర్ బుల్లి సీడీలో ఉంది, ఈ కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. నెట్ నుంచి దించుకుందామంటే నెట్ కోసమే కదా ఈ అడాప్టర్. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు! చివరికి ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాను. ఫోన్‌కి వచ్చే వైఫై ఆ కేబుల్ గుండా కంప్యూటర్‌కి చేరింది. డ్రైవర్ దిగింది, ఎక్కింది.

దిగింది, ఎక్కింది. రాస్తుంటే ఇప్పుడు గమనిస్తున్నాను. నెట్ నుంచి దిగుతుంది, మెషీన్లోకి ఎక్కుతుంది. బస్టాండ్ భాషే. పెద్దనాన్న గెలిచినట్టే.

మాస్టారు, విశ్రాంతి:
"ఎక్కించు" గురించి ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నాను. తెలుగులోకి మార్చిన కొన్ని మెనూల్లో "స్థాపించు" అని పెట్టారు. నాకు ఆ మాట చూస్తే ధ్వజస్తంభమే గుర్తొస్తుంది. పంతులుగారిని పిలవాలేమో అనిపిస్తుంది. "ఎక్కించు" అలా కాదు. సూదిలో దారం ఎక్కిస్తాం, రోగికి సెలైన్ ఎక్కిస్తాం, రేషన్ కార్డులో పేరు ఎక్కిస్తాం, పందిరికి తీగ ఎక్కిస్తాం. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఎక్కినది అక్కడే నిలిచి, ఆ తర్వాత తన పని తాను చేసుకుపోతుంది. ఇన్‌స్టాల్ అంటే కూడా అదే కదా. పొగిడేవాడు మునగచెట్టు ఎక్కిస్తున్నాడంటాం, మూలపడ్డ పనిని అటకెక్కించారంటాం. అవీ ఎక్కించడాలే గానీ ఈ లెక్కలోకి రావు.

కాన్ఫిగర్‌కి మాత్రం నా దగ్గర మాట లేదు. "అమర్చు" అంటే వస్తువులు పేర్చడంలా ఉంటుంది.

కె.ఆర్.పురం:
పైన సామెతలో ఉంది కదా మాస్టారూ! కుదరడం. అన్నీ ఎక్కించి, పాస్‌వర్డ్ కొట్టి, చివరికి "ఆ, కుదిరింది" అంటాం. మా అమ్మ "నెట్టు కుదుర్చుకున్నావా?" అని అడుగుతుంది. సంబంధం కుదర్చడం, బేరం కుదర్చడం, ఇదీ అంతే. రెండు వైపులా ఒప్పుకోవాలి. ఇటు అడాప్టర్, అటు రౌటర్.

వేళచ్చేరి, సర్వీస్ పని:
కుదర్చడం నాకు నచ్చింది. నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఇదే పని చేస్తాను. ఫోన్ చేసే తెలుగువాళ్లు వాడే క్రియను బట్టే సగం జబ్బు చెప్పేస్తా. నమ్మకపోతే చూడండి.

"వైఫై పేరే కనపడట్లేదు" అన్నారనుకోండి, ఫోన్లో కనపడుతుందా అని అడుగుతా. ఫోన్లో కనపడి కంప్యూటర్లో కనపడకపోతే, ఎక్కువసార్లు ఆ పేరు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది అయ్యుంటుంది, అడాప్టరేమో చవకది, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే పట్టేది. దానికి డ్రైవర్ ఎన్నిసార్లు ఎక్కించినా లాభం లేదు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "కనపడుతోంది గానీ కలవట్లేదు" అంటే పాస్‌వర్డ్ చూస్తా, తర్వాత రౌటర్ డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మీద ఉందేమో చూస్తా. అది వచ్చింది 2018లో. అంతకంటే పాత అడాప్టర్లు చాలావాటికి అది తెలీదు, డబ్ల్యూపీఏ2కి మార్చితే కలుస్తాయి. "కలిసింది గానీ నెట్ రావట్లేదు" అంటే ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్ అడ్రస్, చూడమంటా. 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని, అదే ఊరికే ఒక అడ్రస్ రాసుకుని కూర్చుందని అర్థం.

అన్నిటికంటే విసిగించేది "పోతా వస్తా ఉంది" అనేది. డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌కి పోయి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపెయ్యొచ్చు అనే టిక్కు తీసేయండి. అప్పటికీ పోతూ వస్తూ ఉంటే పక్క పోర్టు చూడండి. యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ గుచ్చి, పక్కనే ఈ బుల్లి అడాప్టర్ పెడితే, ఆ యూఎస్‌బీ 3 వదిలే రొద 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. ఇంటెల్ వాళ్లు 2012లోనే దీని మీద ఒక పత్రం రాశారు. మందు సింపుల్. ఒక మూరెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, అడాప్టర్‌ని సీపీయూ వెనక చీకట్లోంచి బల్ల మీదకి తెచ్చి పెట్టండి. వందల రూపాయల పెద్ద అడాప్టర్ కంటే ఈ మూరెడు కేబుల్ ఎక్కువ పని చేసిన ఇళ్లు నేను చూశాను.

మైలాపూరు అక్క:
కనపడటం, కలవడం, రావడం, పోవడం. ఇది సర్వీస్ సెంటరా, పెళ్లిచూపులా?

ఎస్పీ రోడ్ తమ్ముడు:
అక్కా, వేషాలు కూడా ఉన్నాయి. కొన్ని అడాప్టర్లు గుచ్చగానే ముందు సీడీ డ్రైవ్‌లా కనపడతాయి. సీడీ అవసరం లేకుండా డ్రైవర్ని లోపలే దాచి పెట్టారన్నమాట. అది ఎక్కాక వేషం మార్చి వైఫై అడాప్టర్ అవుతాయి. విండోస్‌లో దానంతట అదే మారుతుంది. లినక్స్‌లో మారకపోతే మనమే మార్చాలి, దానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని ఒక ప్రోగ్రామే ఉంది.

చూశారా, నేను కూడా "డ్రైవర్ని దాచి పెట్టారు" అని రాశా. మాస్టారూ, ఇప్పుడు తప్పా?

మాస్టారు, విశ్రాంతి:
తప్పు కాదు నాయనా. వస్తువుకి "ని" పెట్టకూడదని ఎవరూ అనలేదు, పెట్టకపోయినా నడుస్తుందన్నారంతే. మనిషికి పెట్టకపోతేనే తప్పు. అయినా నీ వాక్యం మొదటిసారి చదివినప్పుడు ఎవరినో కిడ్నాప్ చేశారేమో అనుకున్నాను.

కె.ఆర్.పురం:
చివరి కబురు. తమ్ముడు చెప్పినట్టు ఇంటిపేరు చూసి సరైన డ్రైవర్ వేశాను, వేళచ్చేరి అన్న చెప్పినట్టు మూరెడు కేబుల్ కొన్నాను. రెండు రోజులుగా ఊడిపోలేదు. పెద్దనాన్న పాత పాటలు పెట్టుకుని కూర్చున్నారు.

ఇందాక ఆయన కంప్యూటర్ తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. "ఏం రాశారురా అందులో?" అన్నారు. డ్రైవర్ పాతదైపోయింది, తీసేసి కొత్తది పెట్టమంటోంది. ఏమీ లేదు పెద్దనాన్నా అని చెప్పి మూసేశాను.