కొండ మీది ఊరికి దుప్పట్లు పంపాలా, ఇంకేమైనానా?

సింగ్‌నగర్ గృహిణి:
2024 సెప్టెంబరులో బుడమేరు ఇంట్లోకి వచ్చినప్పుడు నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం. పడవల్లో ఎవరెవరో తెచ్చిచ్చిన పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలతో గడిచింది. ఆ రుణం తీర్చుకోవాలని మా అపార్ట్‌మెంటులో పదకొండు కుటుంబాలవాళ్లం కలిసి 42 వేలు పోగేశాం. చింతపల్లి అవతల, కొండ మీద ముప్పై గడపల ఊరు. మా చెల్లెలు కిందనున్న బడిలో టీచరు. లంబసింగి వైపు చలి సంగతి తెలిసిందేగా, ఇక్కడి బట్టల మార్కెట్టు వస్త్రలతలో హోల్‌సేల్‌గా దుప్పట్లు కొని పంపేద్దామని అందరూ అంటున్నారు. నాకే మనసొప్పడం లేదు. వరదప్పుడు మా వీధి చివర పాతబట్టల గుట్ట నానిపోయి కుళ్లింది. అప్పుడు మాకు కావలసింది బట్టలు కాదు, ఇల్లు కడుక్కోను నీళ్లు. ఏం చేయమంటారు?

గుంటూరు మాస్టారు:
అమ్మా, పాడేరు ఏజెన్సీలో ఎనిమిదేళ్లు పనిచేశాను. నీళ్లు ఎక్కణ్ణుంచి మోస్తున్నారో ముందు అడగండి. ఊట ఊరికంటే ఎత్తులో ఉంటే అక్కడ చిన్న తొట్టి కట్టి పైపు దింపితే చాలు, మోటారు, కరెంటు అక్కర్లేదు. దిగువనుంటే ఈ లెక్క కుదరదు. తొట్టికి జాలీ పెట్టండి, వానలకు ఆకులూ మట్టీ చేరతాయి. పైపు తప్పకుండా పూడ్చాలి, పోడు కాల్చే రోజుల్లో పైనుంటే మాడిపోతుంది. ఇంకోమాట. పెద్దవాళ్లు కువి మాట్లాడేవాళ్లయితే ఆ భాష వచ్చిన కుర్రాణ్ణి తోడు తీసుకెళ్లమనండి. మనం తెలుగులో అడిగితే మొహమాటానికి అన్నిటికీ సరేనంటారు.

నర్సు, విజయవాడ:
దుప్పట్లు పూర్తిగా మానకండి. బైకు అంబులెన్సు కూడా ఎక్కలేని చోట గర్భిణిని డోలీలో దించాలి. కర్రకు కట్టేది చాలాసార్లు ఇంట్లో ఉన్న దుప్పటే. గట్టివి ఓ నాలుగైదు ఊరికి ఉమ్మడిగా ఇవ్వండి.

సింగ్‌నగర్ గృహిణి:
మాస్టారూ, చెల్లెలు ఆదివారం ఎక్కి వచ్చింది. ఊట పైనే ఉందట, ఆడవాళ్లు మాత్రం కింద గెడ్డ, అంటే వాగు నుంచే మోస్తున్నారు. "పైపు కొనివ్వండి, తవ్వుకోవడం మేం తవ్వుకుంటాం" అన్నారట. అది విని నాకు ఏడుపొచ్చింది. తాడుతో కొలిస్తే 600 మీటర్ల పైచిలుకు వచ్చింది. దుప్పట్లు డోలీకి ఐదు, ముసలివాళ్లకు తొమ్మిది, అంతే. పైపు అంగుళందా, అంగుళమున్నరదా? నర్సీపట్నంలోనే కొంటే రవాణా కలిసొస్తుందా?