జీనోవర్స్ 2 ర్యాంక్డ్‌లో లెవెల్, క్యూక్యూ బ్యాంగ్ తీసేయాలా వద్దా?

నైట్‌షిఫ్ట్ నప్పా
నిన్న రాత్రి జరిగింది చెప్తా, తప్పు నాదైతే మొహమాటం లేకుండా తిట్టండి. డ్రాగన్ బాల్ జీనోవర్స్ 2 గేమ్‌ని 2016లో వచ్చిన కొత్తలోనే కొన్నా. తర్వాత పెళ్లి, పాప, ఉద్యోగం మారడం, వీటిలో పడి వదిలేశా. పోయిన నెల మళ్లీ తెరిచా. నా క్యారెక్టర్ సయ్యన్ జాతి, లెవెల్ 84. ర్యాంక్డ్‌లో, అంటే గెలుపోటములు ర్యాంకుకి లెక్కేసే ఆన్‌లైన్ మ్యాచుల్లో, ఒక ఫ్రీజా జాతి వాడు తగిలాడు. మొదటి నిమిషంలో మూడుసార్లు కాంబో మొత్తం కొట్టా, వాడి హెల్త్ బార్ గోరుతో గీరినంత కూడా తగ్గలేదు. వాడు ఒకే ఒక్క కాంబో కొట్టాడు, నాది సగం పోయింది. వాడి స్టామినా కూడా నేనే ఖాళీ చేయించా, బ్రేక్ కూడా చేశా, అయినా ఓడిపోయా.

క్యూక్యూ బ్యాంగ్ తెలియని వాళ్ల కోసం: కాంటన్ సిటీ మిక్సింగ్ షాపులో మన దగ్గరున్న రెండు డ్రెస్సులు ఇచ్చేస్తే కలిపి ఒక గోళీ లాంటిది ఇస్తారు. అది పెట్టుకుంటే ఒంటి మీద బట్టలకున్న లెక్కలు పోయి దాని లెక్కలే పనిచేస్తాయి. హెల్త్, కీ (అంటే పవర్‌లకి వాడే శక్తి), స్టామినా, బేసిక్ అటాక్, స్ట్రైక్, కీ బ్లాస్ట్, ఈ ఆరింటిలో దేనికైనా ప్లస్ 5 దాకా రావచ్చు, మైనస్ కూడా పడొచ్చు. అంతా లాటరీ. కథలో, పారలెల్ క్వెస్టుల్లో (కథ బయట విడిగా ఆడే మిషన్లు) ఎంత కావాలంటే అంత పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ర్యాంక్డ్ వరకైనా అందరినీ ఒకే లెవెల్‌కి తెచ్చి ఆ గోళీలు తీసేస్తే ఎవరి సొమ్మేం పోయింది?

యాంచా అభిమాని
అన్నా, లెవెల్ 84తో ర్యాంక్డ్‌కి వెళ్లడం అంటే బనియన్ మీద పెళ్లికి వెళ్లినట్టే.

గోదారి గోటెన్
ఎవరి సొమ్ము పోయింది అంటే నా సొమ్మే పోయింది అన్నా. నా క్యారెక్టర్ లెవెల్ 99 దాటి చాలా రోజులైంది. మొదట 80 దగ్గర ఆగేది, తర్వాత 99 చేశారు, ఆ తర్వాత ఇంకా పెంచారు, పెంచిన ప్రతిసారీ మళ్లీ ఎక్కించా. గేమ్ వచ్చిన రోజే 100 పారలెల్ క్వెస్టులు ఉన్నాయి, అవన్నీ ఒక్కోటి పది పదిహేనుసార్లు తిరిగా. ఎందుకంటే కావాల్సిన సూపర్ సోల్, అంటే పెట్టుకుంటే ప్రత్యేక బలం ఇచ్చే వస్తువు, ఒక్కోసారి పదకొండోసారికి గానీ పడదు. పాయింట్లు తప్పుగా పంచుకున్నానని ఏడు డ్రాగన్ బాల్స్ ఏరుకుని, కోరికలు తీర్చే డ్రాగన్ షెన్‌రాన్‌ని పిలిచి మళ్లీ మొదటి నుంచి పంచుకున్నా. ఇదంతా చేశాక మీరు వచ్చి "ర్యాంక్డ్‌లో అందరం ఒకటే" అంటే మరి నేను తయారు చేసుకున్నది ఏంటి, బొమ్మా? టైమ్ పెట్రోలర్‌ని, అంటే మన సొంత క్యారెక్టర్‌ని, మనమే తయారు చేసుకోవడమే కదా ఈ గేమ్ అసలు సంగతి. అది వద్దంటే గోకూ, వెజిటా ఉన్నారు, వాళ్లతో ఆడుకోండి, వాళ్ల లెక్కలు అందరికీ ఒకటే.

ఫ్రేమ్ డేటా పిచ్చోడు
అసలు ప్రశ్నే తప్పు. జీనోవర్స్ ఫైటింగ్ గేమ్ కాదు. ఫైటింగ్ గేమ్ కావాలంటే 2018లో వచ్చిన ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్ల డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ ఉంది, ముగ్గురు ముగ్గురు, ఎవడు ఏ క్యారెక్టర్ తీసుకున్నా వాడి దెబ్బ అందరి చేతుల్లో ఒకటే. దాని స్టోరీ మోడ్‌లో కూడా లెవెల్స్ ఉన్నాయి చూడండి, కానీ వాటిని ఆన్‌లైన్‌లోకి రానివ్వలేదు. ఫైటింగ్ గేముల పెద్ద టోర్నమెంట్ ఎవో 2018 ఫైనల్లో సోనిక్‌ఫాక్స్, గో1 ఆడారు. వాళ్ల బట్టలకి ప్లస్ 5 ఉందా అని ఎవరైనా అడిగారా?

గోదారి గోటెన్
ఫైటింగ్ గేమ్ కాదు అనేముందు ఎవరు తీశారో చూసుకోండి సార్. డింప్స్ కంపెనీ. దాన్ని పెట్టింది మొదటి స్ట్రీట్ ఫైటర్ తీసిన నిషియామా గారు. స్ట్రీట్ ఫైటర్ 4 చేసింది వీళ్లే. పీఎస్2లో బుడోకాయ్ కూడా వీళ్లదే. వాళ్లకి ఫైటింగ్ గేమ్ అంటే తెలియదు, మనకి తెలుసు, అంతేగా?

ఫ్రేమ్ డేటా పిచ్చోడు
స్ట్రీట్ ఫైటర్ 4 చేసింది క్యాప్‌కామ్. డింప్స్ వాళ్లు కలిసి పనిచేశారు. రెండూ ఒకటి కాదు.

గోదారి గోటెన్
కలిసి పనిచేస్తే చేసినట్టు కాదా? పెళ్లి వంటలో ఉల్లిపాయలు కోసినవాడు వంట చేయనట్టా?

ఫ్రేమ్ డేటా పిచ్చోడు
కోసినవాడిని వంటమేస్త్రీ అనరు.

పికోలో మామ
మీ ఇద్దరూ ఉల్లిపాయల మీద ఎంతసేపు ఉంటారో ఉండండి గానీ, నప్పా గారు అడిగినదానికి వేరే గేముల్లో దారి చూపించారు. 2017లో ఇంజస్టిస్ 2 వచ్చినప్పుడు గేర్ సిస్టమ్ పెట్టారు, బ్యాట్‌మన్‌కి కొత్త మాస్క్ తొడిగితే బలం పెరిగేది. కానీ పోటీ ఆటకి వెళితే ఆ బలం ఆఫ్, మాస్క్ మాత్రం ఉంటుంది. చూడ్డానికి నీది నీదే, లెక్క అందరిదీ ఒకటే. స్ట్రీట్ ఫైటర్ 6లో కూడా వరల్డ్ టూర్ అనే కథ మోడ్‌లో పెంచుకున్న సొంత అవతార్‌తో కొట్టుకోవాలంటే బ్యాటిల్ హబ్ అనే ఆన్‌లైన్ లాబీలో దానికి వేరే చోటుంది, ర్యాంక్డ్ దారి వేరు. ఇక్కడా అలా రెండు గదులు పెడితే ఇద్దరి కోరికా తీరుతుంది.

నైట్‌షిఫ్ట్ నప్పా
మామా, అదే నేను అడిగేది. పైగా క్యూక్యూ బ్యాంగ్ పెట్టుకుంటే బట్టల లెక్క పోతుంది కాబట్టి ఏ వేషమైనా వేసుకోవచ్చు. అంటే ఎదుటివాడిని చూసి వాడి బలం ఎంతో ఊహించే దారి కూడా లేదు. వాడు చూడ్డానికి మామూలు ట్రాక్‌సూట్‌లో ఉంటాడు, కొడితే గోడని కొట్టినట్టు ఉంటుంది.

గోదారి గోటెన్
రెండు గదులు పెడితే రెండో గదిలో ఎవరుంటారు మామా? రాత్రి ఒంటిగంటకి ర్యాంక్డ్ పెడితే ఇప్పుడే మనిషి దొరకడానికి టీ తాగి రావచ్చు. ఉన్న నలుగురిని ఇద్దరిద్దరు చేస్తే ఇద్దరికీ ఖాళీ గదే.

క్యాప్సూల్ కార్నర్
పీసీలో మోడ్ వేసి, అంటే గేమ్ ఫైళ్లు మార్చేసి, లెక్కలు మార్చేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? నప్పా గారికి తగిలింది అలాంటోడేమో. మూడు కాంబోలకి గీత తగ్గకపోవడం ఒక్క ప్లస్ 5 వల్ల అయ్యే పని కాదు.

నైట్‌షిఫ్ట్ నప్పా
అయినా అవ్వచ్చు, కాకపోయినా అవ్వచ్చు, నాకు తెలిసే మార్గం లేదు, అదే నా బాధ. ఓడిపోతే ఎందుకు ఓడిపోయానో తెలియాలి. వ్యానిష్ (మాయమై తప్పుకోవడం) తొందరపడి వాడేశానా, ఎవేసివ్ (దెబ్బల మధ్యలోంచి బయటపడే మూవ్) దాచుకోవాల్సిందా అని ఆలోచిస్తే రేపు బాగుపడతాను. వాడు నాకంటే నాలుగొందల గంటలు ఎక్కువ తిరిగాడని తెలిస్తే నేనేం నేర్చుకోవాలి? ఉద్యోగం మానేయడం నేర్చుకోవాలా? నిజం చెప్పుకోవాలంటే, ఇది పని లేని వాళ్లకి కలిసొచ్చే ఆట అయిపోయింది.

యాంచా అభిమాని
అయిపోయింది. గోదారికి వరద.

గోదారి గోటెన్
పని లేని వాళ్లా? నువ్వెవరు చెప్పడానికి? ఇప్పటిదాకా అన్నా అన్నా అని మర్యాదగా మాట్లాడా. నేను చేసే పనేంటో అడిగావా? మాకు రొయ్యల చెరువులు. బీటెక్ అయిపోయి ఏడాదిన్నర. రాత్రి కాపలా నాదే. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంట్ పోయిన వెంటనే జనరేటర్ వేయకపోతే పంట మొత్తం తేలిపోతుంది. ఆ షెడ్‌లో కాలేజీ లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటా. ఫ్యాన్ల చప్పుడు మారిందంటే చేతిలో ఉన్నది వదిలేసి పరిగెత్తాలి. పారలెల్ క్వెస్ట్ ఒంటరిగా ఆడితే ఆపుకుని వెళ్లొచ్చు, ర్యాంక్డ్ ఆపలేం. అందుకే అన్ని గంటలు క్వెస్టులే తిరిగా. సరదాకి కాదు.

పికోలో మామ
బాబూ, ఇద్దరూ ఒక గ్లాసు నీళ్లు తాగండి. నప్పా గారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుంటుంది.

నైట్‌షిఫ్ట్ నప్పా
ఆ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. నీ గురించి అనలేదు, అయినా నీకు తగిలింది, సారీ తమ్ముడూ. కానీ పాయింట్ మాత్రం వదలను. నీ కష్టం కష్టమే. అది నా హెల్త్ బార్ మీద ఎందుకు పడాలి?

గోదారి గోటెన్
సరే చెప్తా, ఇది ఎప్పుడూ చెప్పలేదు. షెడ్‌లో నా నెట్ ఫోన్ హాట్‌స్పాట్. మబ్బు పడితే ఒక్క గీత. ర్యాంక్డ్‌లో నేను గార్డ్ నొక్కిన తర్వాత అది పడేసరికి ఎదుటోడి రెండో దెబ్బ తగిలేసి ఉంటుంది. వ్యానిష్ నొక్కితే ఆలస్యంగా వెళుతుంది, వెళ్లి తన్ను తింటుంది, స్టామినా మాత్రం పోతుంది. నేనెంత ప్రాక్టీస్ చేసినా ఆ ఆలస్యం పోదు. అందుకే పాయింట్లు ఎక్కువ హెల్త్‌లో, బేసిక్ అటాక్‌లో పోశా. నాలుగు దెబ్బలు అదనంగా తిన్నా నిలబడాలి, నాకు దొరికిన ఒక్క దెబ్బ గట్టిగా పడాలి. నువ్వు లెక్కలు తీసేస్తే సమానం అవుతాం అంటున్నావు. నీ ఇంట్లో ఫైబర్, నా షెడ్‌లో ఒక్క గీత. అది ఏ రకం సమానం?

నైట్‌షిఫ్ట్ నప్పా
ఇదా అసలు సంగతి. ముందే చెప్పొచ్చుగా.

కానీ తమ్ముడూ, నీ నెట్ బాగోకపోతే నాకూ అదే ఆలస్యం వస్తుంది. ఆ ఆటలో ఒకడి నెట్ కుంటితే ఇద్దరూ కుంటుతారు. అంటే నేను కూడా ఆ ఒక్క గీత మీదే ఆడుతున్నా, పైగా నీ ప్లస్ 5 కూడా మోస్తున్నా. నీ నెట్ పన్ను నేనెందుకు కట్టాలి?

గోదారి గోటెన్
నీకు వారానికి ఒకసారి తగులుతుంది. నాకు ప్రతి ఆటా అంతే. నీ ఫైబర్ కూడా నువ్వు ప్రాక్టీస్ చేసి సంపాదించిన స్కిల్ ఏం కాదుగా, మీ వీధిలో వేశారు కాబట్టి వచ్చింది. నేను గంటలు పోసి తెచ్చుకున్నది మోసం, నీకు వీధి మలుపులో దొరికింది మాత్రం న్యాయం.

ఫ్రేమ్ డేటా పిచ్చోడు
ఇద్దరూ ఒప్పుకున్నట్టే. గంటల వల్ల, వీధి వల్ల గెలుపోటములు మారే దాన్ని ఫైటింగ్ గేమ్ అనరు అనే నేను మొదట్నుంచీ అంటున్నా.

గోదారి గోటెన్
సార్, ఫైటర్‌జీ కూడా వైర్ మీదే నడుస్తుంది. మీ సోనిక్‌ఫాక్స్‌ని మా షెడ్‌కి తీసుకురండి, ఏరేటర్ పక్కన కూర్చోబెట్టి ఆడిద్దాం.

యాంచా అభిమాని
ఈ మ్యాచ్‌కి టికెట్ ఎంత పెడతారు

పికోలో మామ
నాకు అర్థమైంది ఏంటంటే నప్పా గారు మ్యాచ్ మొదలైనప్పుడు ఇద్దరి బార్లూ ఒకేలా ఉండాలంటున్నారు, గోటెన్ బాబు మ్యాచ్ మొదలవ్వక ముందే ఎక్కువ తక్కువలు ఉన్నాయి కాబట్టి బార్‌లో సర్దుకుంటా అంటున్నాడు. క్యూక్యూ బ్యాంగ్ తీసేసినా ఈ గొడవ పోదు.

నైట్‌షిఫ్ట్ నప్పా
మామా, మీరు నెమ్మదిగా వాడి వైపు వెళ్లిపోతున్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు. సర్దుకోవడానికి హద్దు ఉండాలి కదా, ఎవడి ఇబ్బంది వాడే కొలుచుకుని వాడే ప్లస్ 5 వేసుకుంటే ఎలా? ఫైబర్ ఉండి కూడా పెట్టుకునేవాళ్లే ఎక్కువ, వాళ్లకి నీ చెరువు కథ వర్తించదు.

తమ్ముడూ, శనివారం రాత్రి రెండుకి నాకు బ్రేక్. ర్యాంకు లెక్క లేని ప్లేయర్ మ్యాచ్ పెడతా. ఇద్దరం రోస్టర్ వాళ్లనే, అంటే గేమ్‌లో ముందే ఉన్న క్యారెక్టర్లనే తీసుకుందాం, నువ్వు క్రిలిన్, నేను నప్పా. ఎవరికీ గోళీ లేదు. నీ హాట్‌స్పాటే, నేనేం అనను.

గోదారి గోటెన్
శనివారం కుదరదు, ఆదివారం పట్టుబడి, రాత్రంతా వలల పని. సోమవారం అయితే సరే. కానీ క్రిలిన్ వద్దు. నా వాడితోనే వస్తా, గోళీతోనే. ఓడించి చూడు.

నైట్‌షిఫ్ట్ నప్పా
సోమవారం. నీ వాడితోనే రా. మధ్యలో జనరేటర్ వేయాల్సి వస్తే చెప్పు, ఆ ఆట లెక్కలోకి రాదు.

క్యాప్సూల్ కార్నర్
మోడ్ వేసేవాళ్ల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

యాంచా అభిమాని
గోటెన్ బ్రో, గొడవ తర్వాత సంగతి, ఆ హెల్త్ ప్లస్ 5 కి ఏ రెండు డ్రెస్సులు కలిపావో చెప్పవా? నాకు నిన్న కూడా మైనస్ 2 పడింది, మంచి కేప్ పోయింది.

గోదారి గోటెన్
చెప్పను.