కొండ మీది లాడ్జిలో చలికాలం కాపలా: వంటగది పైపు గడ్డకట్టకుండా ఎలా?

రాత్రిళ్లు మైనస్ 20 దాకా పడిపోతుంది. ట్యాంకు భూమిలో లోతుగా ఉంది కాబట్టి దానికి ఢోకా లేదు. గొడవంతా అక్కణ్ణుంచి వంటగదికి వచ్చే 12 మీటర్ల పైపుతోనే. అందులోనూ నేలలోంచి పైకి లేచి గది అడుగున మలుపు తిరిగే ఎల్బో దగ్గర. గాలి సూటిగా కొట్టేది అక్కడే.

హీటింగ్ కేబుల్ చుట్టమనకండి. మీటరుకు 16 వాట్లు వేసుకున్నా రోజుకు 4.6 యూనిట్లు; మబ్బు పట్టిన వారంలో సోలార్ అంత ఇవ్వదు. పైగా ఛార్జి అయిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ తానే గడ్డకట్టి పగులుతుంది. కుళాయి సన్నగా వదిలేస్తే బయటి డ్రెయిన్ మంచు పేరుకుని మూసుకుపోతుంది.

అందుకే మోటారు ఆగగానే నీళ్లన్నీ తిరిగి ట్యాంకులోకి జారిపోయేలా, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలుతో పైపు మళ్లీ వేద్దామని ఆలోచన. చేసినవాళ్లు చెప్పండి: సబ్‌మెర్సిబుల్ పంపుకి చెక్ వాల్వ్ (నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) పూర్తిగా తీసేస్తే నీటి వేగానికి ఇంపెల్లర్ (పంపు లోపలి రెక్కల చక్రం) వెనక్కి తిరుగుతుంది, ఆ క్షణంలో స్విచ్ వేస్తే షాఫ్ట్‌కి దెబ్బ. వాల్వ్ ఉంచి, దానికి 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే సరిపోతుందా? గాలి లోపలికి రావడానికి వెంట్ కుళాయికి ముందా, ఎల్బో పైనా? బాల్ వాల్వ్ (రంధ్రమున్న గుండు తిప్పి మూసే వాల్వ్) లోపల చిక్కుకునే నీళ్లకి సగం తెరిచి ఉంచడం తప్ప వేరే దారుందా?