పద్దెనిమిదేళ్ల గుర్రానికి చూడి నిలవడం లేదు

ప్రశ్న (హనుమకొండ): మా 18 ఏళ్ల ఆడ గుర్రం సక్రమంగా ఎదకు వస్తున్నా, దాటించినప్పుడల్లా చూడి నిలవడం లేదు. స్కానింగ్‌లో అండపుటిక (అండాశయంలో అండం పెరిగే నీటి బుడగ) 38 మిల్లీమీటర్లు ఉంది, గర్భాశయం కోసిన బత్తాయి తొనల్లా ఉబ్బి కనిపించింది. అంత చక్కగా పెరిగిన పుటికలో అండం మంచిదే కదా?

జవాబు (పశువైద్యుడు, వరంగల్): పుటిక పరిమాణాన్ని బట్టి అండం నాణ్యతను నిర్ణయించలేమండి. 35 మిల్లీమీటర్లు దాటిన పుటిక సాధారణంగా ఎద ముగియడానికి 24 నుంచి 48 గంటల ముందు పగులుతుంది. దానికి ముందే, హార్మోన్ల ప్రేరణతో, అండం తన క్రోమోజోములను సగానికి తగ్గించుకొని పక్వమవుతుంది. వయసు మీరిన గుర్రాల్లో ఈ పంపకంలోనే పొరపాట్లు పెరుగుతాయి కనుక, ఫలదీకరణ జరిగినా పిండం తొలి రోజుల్లోనే నశించవచ్చు.

జవాబు (కరీంనగర్): అండాన్నే అనుమానించకండి. దాటించిన మర్నాడు గర్భాశయంలో ద్రవం నిలిచిందేమో తప్పక చూపించండి. ముసలి గుర్రాల్లో అది తరచుగా కనిపించే కారణం.

ప్రశ్న వేసినవారు: ధన్యవాదాలండి. ద్రవం సంగతి ఇంతవరకు ఎవరూ చూడలేదు, వచ్చే ఎదకు చూపిస్తాను.