డయొనీసియా నాటకాలు చూడ్డానికి ఏథెన్స్ ఆడవాళ్లు వచ్చేవారా, రానిచ్చేవారు కాదా? (కింద ఉన్నవి చర్చలో పాల్గొన్నవారి మారుపేర్లు.)

రెండు ఒబోల్స్:
ప్రశ్న క్రీ.పూ. 5, 4 శతాబ్దాల ఏథెన్స్ గురించి. ఎలఫెబోలియన్ నెలలో, అంటే మనకు మార్చి, ఏప్రిల్ రోజుల్లో, డయొనీసస్ దేవుడి పండగ అయిన నగర డయొనీసియా జరిగేది. మొదట ఊరేగింపు, ఎడ్ల బలి. తర్వాత తెగలవారీగా 50 మంది బృందాలు పాడే పోటీలు. ముగ్గురు కవులు ఒక్కొక్కరూ మూడు విషాదాంత నాటకాలు, ఒక సాటిర్ నాటకం (సగం జంతువు, సగం మనిషి వేషాలతో మోటు హాస్యం) పెట్టేవారు. ఇవి కాక హాస్య నాటకాలు. వేషాలన్నీ మగవాళ్లవే, దాని మీద తగువు లేదు. తగువంతా థియేటర్ మెట్ల మీద కూర్చున్నది ఎవరన్నదే.

నా మొగ్గు "రాలేదు" వైపు. నాటకం తనంతట తాను ప్రేక్షకులను పిలిచే చోట్ల ఆడవాళ్ల పేరు కనిపించదు. హాస్య నాటక కవి అరిస్టోఫెనీస్ "శాంతి" (క్రీ.పూ. 421) మొదట్లో ఒక బానిస కథ చెబుతాను వినండంటూ పిల్లలు, బుల్లి మగాళ్లు, మగాళ్లు, పెద్ద మగాళ్లు, మహా మగాళ్లు అని వరసపెట్టి పిలుస్తాడు. వంద ఏళ్ల తర్వాత మెనాండర్ హాస్య నాటకం "డిస్కొలోస్" (క్రీ.పూ. 316) చివర చప్పట్లు అడిగేదీ కుర్రాళ్లను, పిల్లలను, మగవాళ్లనే. అంత పొడుగు జాబితాలో ఆడవాళ్లు ఉండి కూడా పట్టలేదంటే నమ్మబుద్ధి కాదు.

గుడ్లగూబ:
పిలుపుని బట్టి హాజరు వేయలేమండీ. కోర్టులో, అసెంబ్లీలో "ఏథెన్స్ పురుషులారా" అని మొదలుపెట్టడం వాళ్లకు ఊతపదం లాంటిది. ఉపన్యాసంలో ఎవరిని సంబోధిస్తారు, హాల్లో ఎవరుంటారు అన్నవి రెండు వేరు లెక్కలు.

ప్లేటోని పక్కన పెట్టి ఈ చర్చ చేయడం కుదరదు. ఆయన "గోర్గియాస్" సంభాషణ 502వ భాగంలో సోక్రటీస్ విషాద నాటకాన్ని ఒక రకం ఉపన్యాస కళ అంటాడు. అది ఎవరి ముందు చేసే ఉపన్యాసం? పిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు, బానిసలు, స్వతంత్రులు అందరూ కలిసిన జనం ముందు. అలాంటి కళ తనకంత నచ్చదని కూడా చేర్చుతాడు. ఆయనదే "చట్టాలు" 658వ భాగంలో ఇంకో లెక్క ఉంది. బహుమతి ఎవరికివ్వాలని అడిగితే చిన్నపిల్లలు తోలుబొమ్మల లాంటివి ఆడించేవాడికి, కాస్త ఎదిగిన పిల్లలు హాస్య నాటకానికి, చదువుకున్న ఆడవాళ్లు, కుర్రాళ్లు, దాదాపు జనమంతా విషాద నాటకానికి, ముసలివాళ్లు హోమర్‌ని చదివేవాడికి ఓటేస్తారట. విషాద నాటకం చూడని ఆడవాళ్లకు దాని మీద ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది?

చివరి మెట్టు:
ప్లేటో నాటకాన్ని తీసిపారేస్తున్నాడు. "పిల్లలూ ఆడవాళ్లూ మెచ్చే సరుకు" అనడం ఆ కాలంలో తిట్టు. తిట్టు కోసం వేసిన జాబితాను టికెట్ పుస్తకంలా చదవకండి.

నా సాక్ష్యం అరిస్టోఫెనీస్ "పక్షులు" (క్రీ.పూ. 414), 785వ పంక్తి నుంచి. రెక్కలుంటే ఎంత సుఖమో కోరస్ (పాడే బృందం) ప్రేక్షకులకు చెబుతుంది. విషాద నాటకాలకు విసుగొచ్చి ఆకలేస్తే ఎగిరి ఇంటికెళ్లి తిని మళ్లీ రావచ్చు. కడుపు ఉబ్బరమైనవాడు బట్టలు పాడుచేసుకోకుండా ఎగిరెళ్లి రావచ్చు. మూడోది అసలైనది: ఒకడికి ఇంకొకడి పెళ్లాంతో సంబంధం ఉంది. ఆమె మొగుడు కౌన్సిల్ సభ్యుల వరసల్లో కూర్చుని కనిపించాడు. వీడు ఎగిరి ఆమె దగ్గరికెళ్లి, పని కానిచ్చుకుని తిరిగొచ్చి కూర్చుంటాడు. మొగుడు థియేటర్‌లో, పెళ్లాం ఇంట్లో. ఆ అమరిక అందరికీ తెలిసిందైతేనే నవ్వొస్తుంది. ఆయనదే "థెస్మోఫోరియాజూసాయ్" (క్రీ.పూ. 411)లోనూ ఆడవాళ్లు ఇదే మొత్తుకుంటారు. మొగుళ్లు విషాద నాటక కవి యూరిపిడీస్ నాటకం చూసి, బల్లల మీంచి లేచి నేరుగా ఇంటికొచ్చి, లోపల ఎవడైనా దాక్కున్నాడా అని వెతుకుతున్నారట. ఆడవాళ్లు కూడా నాటకానికి వెళ్లి ఉంటే ఇద్దరూ కలిసే ఇంటికొచ్చేవారు కదా.

యవగింజ:
ఇద్దరూ అసలైన చోటు వదిలేశారు. అదే "శాంతి" నాటకంలో 962 నుంచి 967 వరకు ఆరు వరసలు.

బలికి ముందు యవలు చల్లడం వాళ్ల ఆచారం. బలి సన్నాహంలో కథానాయకుడు ట్రైగయస్ తన బానిసతో "ప్రేక్షకుల మీదికి కూడా యవలు విసురు" అంటాడు. విసిరాను అంటాడు బానిస. అప్పుడే అయిందా అంటే, "హెర్మీస్ తోడు, ఇక్కడున్న ప్రేక్షకుల్లో గింజ లేనివాడు ఒక్కడు లేడు" అంటాడు. యవగింజకు వాళ్ల మాట "క్రితే". వాడుకలో అది మగవాడి అంగం పేరు కూడా. నవ్వు అక్కడ పేలుతుంది. వెంటనే ట్రైగయస్ "ఆడవాళ్లకు అందలేదే" అంటాడు. బానిస జవాబు: "రాత్రికి మొగుళ్లు ఇస్తారులే."

గుడ్లగూబ గారి పక్షం వారు దీన్ని ఇలా చదువుతారు: ఆడవాళ్లు వెనక వరసల్లో ఉన్నారు, గింజలు అంతదూరం వెళ్లలేదు. గుప్పెడు గింజలు విసిరితే ముందు కొన్ని వరసలు దాటవు కాబట్టి అది కుదురుతుంది. చివరి మెట్టు గారి పక్షం ఇలా: ఆడవాళ్లు ఇళ్లలో ఉన్నారు, మొగుళ్లు ఇంటికెళ్లాక ఇస్తారు. అదీ కుదురుతుంది. చిక్కేమిటంటే ఆ రెండో అర్థం వల్ల జోకు రెండు చోట్లా ఒకేలా పేలుతుంది. ఆడవాళ్ల దగ్గర "గింజ" లేదన్నది వాళ్లు మెట్ల మీదున్నా నిజమే, ఇంట్లో ఉన్నా నిజమే.

నా తూకం కొంచెం "ఉన్నారు" వైపే. బానిస "ఇక్కడున్న ప్రేక్షకులందరికీ" అన్న తర్వాత ట్రైగయస్ అడ్డొచ్చాడు. అడ్డు రావాలంటే ఆ "అందరి"లోనే మినహాయింపు ఉండాలి. ఊళ్లో ఎక్కడో ఉన్నవాళ్ల గురించైతే అది సవరణ అవదు, కొత్త మాట అవుతుంది. దీని మీద పందెం మాత్రం కాయను.

రెండు ఒబోల్స్:
ఆరు వరసల జోకు కన్నా డబ్బు లెక్క గట్టిది. సీటుకి రెండు ఒబోల్స్ (ఒబోల్ అంటే చిన్న నాణెం). 4వ శతాబ్దపు వక్త డెమోస్తనీస్ కాలానికి ఆ డబ్బు పౌరులకు థియోరికాన్ అనే ప్రభుత్వ పండగ నిధి నుంచి ఇచ్చేవారు. పంపకం డీమ్ జాబితా ప్రకారం, అంటే తండ్రి నుంచి సంక్రమించే ఊరి పేర్ల పట్టీ చూసి. ఆ పట్టీలో వయసొచ్చిన మగ పౌరులే ఉంటారు. దీన్ని ఎంత గట్టిగా పట్టుకునేవారో చూడండి: పయానియా ఊరి కొనోన్ అనేవాడు పరదేశంలో ఉన్న కొడుకు పేరిట 5 డ్రాక్మాలు తీసుకున్నందుకు కోర్టు ఒక టాలెంట్ జరిమానా వేసింది. టాలెంట్ అంటే 6,000 డ్రాక్మాలు. ఆడవాళ్లకు అందులో వాటా ఎక్కడా లేదు.

గుడ్లగూబ:
నిధిలో వాటా లేదు, సరే. లోపలికి రాకూడదని ఎక్కడుంది? పరదేశులకూ నిధిలో వాటా లేదు, అయినా వచ్చేవారు. మనుషుల తీరులపై రాసిన థియోఫ్రాస్టస్ వర్ణించిన సిగ్గులేని మనిషి విదేశీ అతిథుల డబ్బుతో సీట్లు కొని, తన వాటా ఇవ్వకుండా తనూ కూర్చుంటాడు. మర్నాడు కొడుకుల్ని, వాళ్లని కాచే బానిసని కూడా తెస్తాడు. ఆ బానిసకు థియోరికాన్ ఎవరిచ్చారు? పౌరుల టికెట్‌కు సాయం చేసే పద్దు తప్ప తలుపు దగ్గర పట్టుకునే చీటీ కాదది. పైగా మీ డబ్బు సాక్ష్యాలన్నీ 4వ శతాబ్దానివి. వాటితో 5వ శతాబ్దపు విషాద నాటక కవి ఎస్కిలస్ కాలానికి తీర్పు చెప్పలేం.

నా పక్షం వాళ్లు తరచూ వాడే ఒక కథను నేనే కొట్టేస్తాను. క్రీ.పూ. 458లో ఎస్కిలస్ "యూమెనిడీస్"లో ప్రతీకార దేవతల కోరస్ చెల్లాచెదురుగా దూసుకొస్తే పిల్లలు మూర్ఛపోయారు, గర్భిణులకు గర్భస్రావాలయ్యాయి అన్నది. అది చాలా కాలం తర్వాత రాసిన ఎస్కిలస్ జీవిత కథలోది. సాక్ష్యంగా నిలవదు. దయచేసి ఇక్కడ ఎవరూ పెట్టకండి.

మోపరి:
మత కోణం ఎవరూ ఎత్తలేదు. ఏథెన్స్ ఆడవాళ్లకు అసెంబ్లీ లేదు, కోర్టు లేదు, కానీ పండగల్లో వాళ్లు లేకపోతే పని జరగదు. థెస్మోఫోరియా మూడు రోజులూ పూర్తిగా వాళ్లదే. ఆంథెస్తేరియా పండగలో "రాజు" అనే బిరుదున్న అధికారి భార్యను డయొనీసస్‌కి పెళ్లి చేస్తారు, ఆమె 14 మంది ఆడవాళ్ల చేత ప్రమాణం చేయిస్తుంది. నగర డయొనీసియా ఊరేగింపులో బుట్ట మోసేది కన్నెపిల్ల. అదే దేవుడి అదే పండగలో ఉదయం ఊరేగి, నాటకం మొదలయ్యేసరికి ఇంటికి పొమ్మంటారా?

చివరి మెట్టు:
మోపరి గారూ, అరిస్టోఫెనీస్ "అకార్నియన్లు" (క్రీ.పూ. 425) 241వ పంక్తి నుంచి చూడండి. కథానాయకుడు డికయోపోలిస్ ఇంటి దగ్గర సొంతంగా పల్లె డయొనీసియా చేస్తాడు. ముందు కూతురు బుట్టతో. వెనక బానిస లింగపు కర్ర నిటారుగా పట్టుకుని. జనంలో ఎవడైనా నగలు కొట్టేస్తాడు జాగ్రత్తమ్మా అని కూతురికి చెబుతాడు. మరి పెళ్లాం? "నువ్వు మేడ మీంచి చూడు" అంటాడు. కూతురు ఊరేగింపులో, భార్య ఇంటి కప్పు మీద. మోసేవాళ్లు వేరు, కూర్చునేవాళ్లు వేరు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మోపరి:
చూడు అంటున్నాడుగా! ఆ "చూడు" ఏ ధాతువో, "థియేటర్" కూడా ఆ ధాతువే. ఆవిడ పండగ చూడకూడదని ఎవరూ అనలేదు. ఎక్కడినుంచి చూడాలన్నదే చెప్పారు.

పాత మెట్లు:
స్థలం సంగతి కూడా తూచండి. ఇప్పుడు కొండవాలున కనిపించే రాతి మెట్లు ఏథెన్స్ నాయకుడు లైకర్గస్ హయాంవి, క్రీ.పూ. 4వ శతాబ్దం చివరివి. దాదాపు 15,000 మంది పడతారని అంచనా. అంతకు ముందు 5వ శతాబ్దంలో ఉన్నవి చెక్క బల్లలు. తవ్వకాలను మళ్లీ కొలిచినవాళ్లు ఇప్పుడు 4,000 నుంచి 7,000 అంటున్నారు. 500 మంది కౌన్సిల్ సభ్యులకు, పూజారులకు, అధికారులకు ముందు చోటు. కూటమి నగరాల కప్పం పట్టుకొచ్చినవాళ్లు ఉంటారు. మిగిలిన చోటు కోసం పౌరులే తోసుకోవాలి. నిషేధం లేకపోయినా ఆడవాళ్లకు మిగిలేది తక్కువ. 15,000 అంకె పట్టుకుని 5వ శతాబ్దపు కవి సోఫోక్లీస్ కాలం గురించి వాదించేవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

రాతి కుర్చీల మీద పూజారిణుల పేర్లు చెక్కి ఉన్నాయి కదా అంటారు. అవి చాలావరకు రోమన్ కాలం చెక్కుళ్లు. ఈ చర్చకు పనికిరావు.

యవగింజ:
ఇంకో మాట. నటులు మగవాళ్లే కాబట్టి చూసేవాళ్లూ మగవాళ్లే అని వేరే చోట కొందరు రాస్తున్నారు. మన తెలుగు నాటకంలో స్థానం నరసింహారావు గారు ఆడవేషం కట్టిన రోజుల్లో ఎదురుగా ఆడవాళ్లు కూర్చునే చూశారు. ఆ తర్కం అక్కడితో సరి.

రెండు ఒబోల్స్:
ప్రశ్న నేనే తప్పుగా పెట్టానేమో. "ఆడవాళ్లు" అని ఒకే మూట కట్టాను. పౌరుడి భార్య, పూజారిణి, పరదేశి కుటుంబపు ఆడమనిషి, హెటైరా (గణిక), బానిస, వీళ్లందరికీ ఒకే నియమం ఉండి ఉండదు. "పక్షులు"లో ఇంట్లో ఉన్నది పౌరుడి భార్య. ప్లేటో జనంలో బానిసలు కూడా ఉన్నారు. కాబట్టి నా వాదం ఇంతవరకే కుదించుకుంటున్నాను: 5వ శతాబ్దంలో పరువున్న పౌరుల భార్యలు మామూలుగా వచ్చేవారు కాదు. చట్టం అడ్డు వచ్చిందని మాత్రం అనను.

గుడ్లగూబ:
అలా అయితే సగం దారిలో కలుస్తాను. మిగతా సగానికి అరిస్టోఫెనీస్ "కప్పలు" (క్రీ.పూ. 405) 1050వ పంక్తి అడ్డం. అక్కడ ఎస్కిలస్ యూరిపిడీస్‌ని దులుపుతూ, నీ బెల్లెరోఫోన్ కథల (పెళ్లయిన ఆవిడ పరాయి యువకుణ్ణి మోహించే కథ) వల్ల మంచి ఇళ్ల ఇల్లాళ్లు సిగ్గుతో విషం తాగారంటాడు. అతిశయోక్తే, కాదనను. నాటకం చూసి తాగారా, మొగుళ్లు ఇంటికొచ్చి చెబితే విని తాగారా?

చివరి మెట్టు:
విని. థెస్మోఫోరియాజూసాయ్‌లో జరిగేదే అది.

గుడ్లగూబ:
అక్కడ మొగుళ్లు కథ చెప్పరండీ, వచ్చి మంచాల కింద వెతుకుతారు.

చివరి మెట్టు:
వెతికేటప్పుడు ఎందుకు వెతుకుతున్నాడో పెళ్లాం అడగదా?