నాన్న కిడ్నీ రిపోర్టు గురించి కాస్త చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి, నాన్నకి 15 ఏళ్లుగా షుగర్. ఈమధ్య మూత్రంలో నురగ కడుతోంది, రెండు చెంబుల నీళ్లు పోసినా పోవట్లేదు. మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చూసే టెస్టులో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 340 వచ్చింది, 30 లోపు ఉండాలట. డాక్టరుగారు ఒడియాలో గబగబా చెప్పేసి టెల్మిసార్టాన్ (బీపీ మందు), డాపాగ్లిఫ్లోజిన్ (షుగర్ మందు) రాశారు. ఇంటికొచ్చి చదివితే, కిడ్నీలో వడపోత దగ్గరుండే పోడోసైట్ కణాలు షుగర్ వల్ల దెబ్బతింటాయని, టీజీఎఫ్-బీటా అనే సంకేతం ఎక్కువై లోపల మచ్చ కడుతుందని, పోయిన కణాలు మళ్లీ పుట్టడం చాలా కష్టమని అర్థమైంది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఈ మందులు ఆ సంకేతాన్ని కూడా తగ్గిస్తాయా, లేక వడపోత మీద ఒత్తిడి మాత్రమేనా? మందులు వేసుకున్న మొదట్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) కాస్త పెరిగినా వాటిని సొంతంగా మానేయకూడదంటారు, ఎంతవరకు పెరిగితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి? తెలిసినవాళ్లు తెలుగులో చెబితే నాన్నకి చదివి వినిపిస్తాను.